కుడిపక్కవారి మనవి

మా ఇంటి శనివారం ప్రార్థనకు ఒక నియమం ఉంది. ఎవరి మనవి కోసం వాళ్లు ప్రార్థించుకోకూడదు. ముందు అందరూ వరసగా తమ మనవులు చెబుతారు. తర్వాత చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కరు తమ కుడిపక్కన కూర్చున్నవారి మనవిని దేవుడి ముందు పెడతారు. వాళ్లు ఎలా అడిగారో అలాగే అడగాలి. మన అభిప్రాయం అందులో కలపకూడదు. ఈ దేశం వచ్చి స్వోర్డ్స్ అనే ఊళ్లో ఈ ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్తలో మావారు పెట్టిన పద్ధతి ఇది. ఎవరి బాధ వాళ్లే చెప్పుకుంటుంటే ప్రార్థనకు అంతూ పొంతూ ఉండడం లేదని, పొయ్యి మీద కూర అడుగంటుతోందని ఆయన గొడవ. పెట్టింది కూర కోసమే అయినా ఆ పద్ధతి నాకు మేలే చేసింది. పక్కవారి కష్టాన్ని నా నోటితో పలికాక, వారమంతా పని చేసుకుంటున్నా అది గుర్తొస్తూనే ఉండేది.

మా నాన్నగారు నాకు చదువు చెప్పింది కూడా అలాగే. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే దుమ్ముకు ఆయాసం వస్తుందని ఇంట్లోనే బైబిలూ, వార్తాపత్రికా ముందు పెట్టి చదివించారు. మనసులో చదువుకోనిచ్చేవారు కాదు. "పైకి చదువమ్మా, నీ గొంతులోంచి రావాలి" అనేవారు. బడిలో పిల్లలు రెండు జట్లుగా నిలబడి వాదించుకుంటారని విన్నాను గాని, ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. నాకు వచ్చిందల్లా కృతజ్ఞత చెప్పడం. నేను ప్రార్థన మొదలుపెడితే కెటిల్‌కూ, రేడియేటర్‌కూ, ఎయిర్‌పోర్టు మీదుగా వెళ్లే బస్సుకూ కూడా స్తోత్రాలు చెబుతానని మా మరిది ఆటపట్టిస్తాడు. చెబుతాను మరి. మీట నొక్కగానే నీళ్లు కాగే ఇంట్లో పుట్టలేదు నేను.

ఆ వేసవి అంతా రేడియోలో ఒకటే చర్చ. ఇక్కడ ఆరోగ్య బీమా కట్టుకున్నవాళ్లు ప్రైవేటు ఆసుపత్రిలో తొందరగా ఆపరేషన్ చేయించుకుంటారు. కట్టుకోలేనివాళ్లు ప్రభుత్వ ఆసుపత్రి వరసలో తమ వంతు కోసం ఎదురుచూస్తారు. ఈ ఏర్పాటుకు ఆధారమైన చట్టాన్ని రద్దు చేసి, దాని స్థానంలో వేరే చట్టం తేవాలని పార్లమెంటులో వాదనలు జరుగుతున్నాయి. కొత్తది వస్తే దేశమంతటికీ ఒకటే వరస. ఎవరి జబ్బు ఎంత ముదిరిందో చూసి పిలుస్తారు. బీమా ఉందా లేదా అని అడగరు.

అంతవరకూ వింటే నాకూ బాగానే ఉంది. కానీ మావారి కుడి తుంటి కీలు అరిగిపోయింది. ఆయన ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తారు. ముసలివాళ్లను మంచం మీంచి లేపి, స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టే పని. బీమా తీసుకునేనాటికే ఆ నొప్పి ఉంది కాబట్టి, ఏళ్ల తరబడి ఆగితే గాని దానికి బీమా వర్తించదన్నారు. ఆగాం. ఆ గడువు వచ్చే చలికాలంలో తీరుతుంది. ప్రభుత్వ వరసలోనూ ఆయన పేరుంది గాని, ఎక్కడో తోకలో ఉంది. ఈలోపల కేర్ హోమ్ మేనేజరు ఆయన్ని కూర్చోబెట్టి, మనుషుల్ని లేపలేకపోతే ఈ పనిలో ఎక్కువ కాలం ఉంచలేమని మెత్తగానే చెప్పింది. అంటే చలికాలం రాకముందే చట్టం పోతే ఆయన కాలూ పోయినట్టే, పనీ పోయినట్టే. ఈ మధ్య ఆయన మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, జేబులోంచి ఫోన్ తీసి ఏదో చూస్తున్నట్టు నటించేవారు. ఫోన్ వెలిగేది కాదు. నేను చూడనట్టు నటించేదాన్ని.

అదే కేర్ హోమ్‌లో ఆయనతో పనిచేసే ఆవిడను మేం ఒంగోలు అక్కయ్య అంటాం. భర్త పోయాక ఒంటరిగా ఈ దేశం వచ్చింది. మా ఇద్దరికంటే పెద్దది. ఆవిడకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఉన్నట్టుండి కుడి డొక్కలో నొప్పి లేచి, మెలికలు తిరిగి, మళ్లీ తగ్గిపోతుంది. బీమా లేదు. ప్రభుత్వ ఆసుపత్రి పిలుపు కోసం ఎదురుచూస్తూ, నూనె ముట్టకుండా, నొప్పి వచ్చినప్పుడల్లా "ఇదిగో, మా చుట్టం వచ్చింది" అని నవ్వుతూ నెట్టుకొస్తోంది.

ఆ శనివారం మధ్యాహ్నం మేం ఐదుగురం. మా మరిది, తోడికోడలు నగరానికి అవతలి చివరనున్న చెర్రీవుడ్ నుంచి కారులో వచ్చారు. మరిది అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మావారు వంటింటి అలమర పక్కన ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. లేచేటప్పుడు ఆయనకు ఆ అలమర అంచు కావాలి. నాకు కుడిపక్కన అక్కయ్య, ఆవిడకు కుడిపక్కన మావారు, ఆ తర్వాత మరిది, తోడికోడలు.

మనవులు చెప్పుకోవడం మొదలైంది. తోడికోడలు తన డ్రైవింగ్ పరీక్ష గురించి చెప్పింది. మరిది ఇంటి లీజు గురించి చెప్పాడు. మావారు ఎప్పుడూ ఇక్కడివాళ్లలా "నాకేం, అంతా గ్రాండ్" అంటారు. ఆ రోజు మాత్రం నేల చూపులు చూస్తూ, "ఆ పాత చట్టం పోకుండా ప్రార్థన చెయ్యండి. అదుంటే చలికాలానికి నా కాలు నాకొస్తది" అన్నారు.

అక్కయ్య నవ్వింది. "బానే ఇరికిచ్చావు తమ్ముడూ. నీది నా వంతే గదా."

"ఏం అక్కయ్యా, చెయ్యవా?"

"చేస్తా. ఎందుకు చెయ్యనూ? కాకపోతే నా మనవి కూడా ఇను. ఆ చట్టం పోవాలి. కొత్తది రావాలి. చెల్లీ, నాది నీ వంతు."

మరిది ముందుకు వంగాడు.

"అక్కయ్యా, అన్నయ్య పక్కనే కూర్చొని ఆ మాట ఎట్టా అడుగుతున్నారు?"

"ఆయన నా పక్కనే కూర్చొని అడగలా?"

"అన్నయ్య ఇన్నేళ్లు కట్టాడు, ఓపికపట్టాడు. అయినా లాజిక్ ఆలోచించండి. ఆయన ప్రైవేట్‌కి పోతే మీ లైన్‌లో ఒక మనిషి తగ్గినట్టే గదా. మీకే లాభం."

"మనిషి తగ్గాడు, బానే ఉంది. ఆ మనిషితో పాటు డాక్టరు కూడా పోతన్నాడే! పొద్దున ఇక్కడ, మధ్యాన్నం అక్కడ. ఇంక నాకేం మిగిలింది, లాజిక్కా?"

తోడికోడలు నవ్వు ఆపుకుంది. మరిది ఆమె వంక ఒక చూపు చూసి, "రద్దు చెయ్యడం ఎంతసేపు? దాని ప్లేస్‌లో ఏం పెడతారో వాళ్లకే క్లారిటీ లేదు. డాక్టర్లు అంతే, బెడ్లు అంతే. రెండు లైన్లు కలిపితే ఒక పెద్ద లైను అవుద్ది, అంతకుమించి ఏం కాదు" అన్నాడు.

"అవనియ్యి. అప్పుడు నువ్వూ అందులో నిలబడతావు. నిలబడితే అది ఎంత పొడుగో నీకు తెలుస్తది. నువ్వు అరుస్తావు. నువ్వు చెర్రీవుడ్ నుంచి ఇంగ్లీషులో అరిస్తే వాళ్లు ఇంటారు బాబూ. నేను అరిస్తే ఎవురింటారు?"

"అంటే మా అన్నయ్య కుంటుకుంటా తిరిగితే మీకు న్యాయం జరిగినట్టా?"

అక్కయ్య ముఖంలో నవ్వు పోయింది. మావారు, "ఒరే, ఆపు" అన్నారు. గట్టిగా అనలేదు గాని, మరిది వెనక్కి వాలాడు. "చేతులు పట్టుకోండి. ప్రార్థన చేద్దాం" అన్నారు మావారు.

ఇంటి ఇల్లాలిని కాబట్టి ముందు నేను మొదలుపెట్టాలి.

కళ్లు మూసుకున్నాను. నా కుడిచేతిలో అక్కయ్య చెయ్యి, పనులు చేసి చేసి గరుకెక్కిన చెయ్యి. దాని అవతల మావారు. ఆ చట్టం ఉండాలనే నేనూ కోరుకుంటున్నాను. ఎప్పటినుంచో గుడ్లు ఉడికిస్తూ, బట్టలు ఆరేస్తూ అదే అడుగుతున్నాను. ఇప్పుడు అది పోవాలని నా నోటితో, ఆయన వింటుండగా, పైకి అనాలి.

నాకు తెలిసిన దారినే పట్టాను. స్తోత్రాలు మొదలుపెట్టాను. ఈ ఇంటిని ఇచ్చినందుకు, ఇంట్లో వేడిని ఇచ్చినందుకు. ఎండ కాసిన రోజును ఇచ్చినందుకు. పెరట్లో బట్టలు ఆరినందుకు. పక్కింటి ముసలాయన మన చెత్తబుట్టను కూడా తనే రోడ్డు మీదికి లాగి పెడుతున్నందుకు. నడిపేవాళ్లు నవ్వుతూ పలకరించే బస్సును ఇచ్చినందుకు. చెబుతూ పోతుంటే చెప్పడానికి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. నేను చెబుతున్నవన్నీ నిజమే. అయినా వాటి వెనకాల దాక్కున్నానని నాకు తెలుసు, దేవుడికి తెలుసు. మరిది రెండుసార్లు దగ్గాడు.

అక్కయ్య నా చెయ్యి మెల్లగా నొక్కి, చెవి దగ్గరికి వంగింది. "చెల్లీ, కెటిల్ అయింది, బస్సు అయింది. నాది ఏ స్టాపులో?"

"ప్రభువా," అన్నాను. "అక్కయ్య అడిగినట్టే అడుగుతున్నాను. ఆ చట్టం పోనివ్వు. కొత్తది రానివ్వు. అందరినీ ఒకే వరసలో నిలబెట్టు."

"ఆమెన్" అన్నారు మావారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆయనే అన్నారు. తోడికోడలు లోగొంతుతో అంది. మరిది అనలేదు. మా ప్రార్థనల్లో ఆమెన్ అనకుండా ఒకరు ఊరుకోవడం అదే మొదటిసారి.

ఇక అక్కయ్య వంతు.

"తండ్రీ," అంది ఆవిడ. ఆవిడ గొంతు ఎప్పుడూ గట్టిదే. "ఈ తమ్ముడి తుంటి నీకు తెలుసు. కేర్ హోమ్‌లో పెద్దవాళ్లని ఎట్టా ఎత్తుతాడో, వాళ్లకి నొప్పి తెలియకుండా తను ఎట్టా పళ్లు బిగబట్టుకుంటాడో నేను రోజూ చూస్తన్నా. ఈయన అడిగినట్టే అడుగుతన్నా. ఈ చట్టాన్ని..."

ఆగిపోయింది.

ఎంతకీ మాట రాలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నా చేతిని గట్టిగా, ఎముకలు నలిగేలా పట్టుకుంది. ఆవిడ మనసు కరిగిందని, తనకు అక్కర్లేని దాన్ని మరొకరి కోసం అడగలేక, అడగకుండా ఉండలేక, పరిశుద్ధాత్మ తాకి దుఃఖం ముంచుకొచ్చిందని అనుకున్నాను. "స్తోత్రం" అన్నాను. తోడికోడలు "హల్లెలూయా" అంది. ఇందాక ఆమెన్ అనని మరిది ఇప్పుడు అందరికంటే పైస్థాయిలో, "స్తోత్రం ప్రభువా! తాకు తండ్రీ, ఇంకా తాకు!" అన్నాడు. అక్కయ్య వాదన వదులుకుందని అతని సంతోషం. ఆవిడ మూలిగింది. మేం ఇంకా గట్టిగా స్తోత్రాలు చెప్పాం.

అప్పుడు నా చేతిలో ఆవిడ చెయ్యి చల్లబడి, చెమటతో జారడం మొదలైంది. కళ్లు తెరిచాను. అక్కయ్య రెండు మడతలై ఉంది. పైపెదవి మీద చెమట. ముఖం పిండిలా తెల్లగా ఉంది. మిగతా ముగ్గురూ కళ్లు మూసుకుని, ముఖాలు పైకెత్తి దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నారు.

"ఏమండీ!" అని అరిచాను. "ఆత్మ కాదండీ, నొప్పి!"

మరిది కారు తీశాడు. తోడికోడలు పొయ్యి ఆపి ఇంటి దగ్గరే ఉండిపోయింది. మావారిని వద్దన్నా వినలేదు. ముందు సీట్లోకి కాలును చేత్తో ఎత్తి పెట్టుకున్నారు. వెనక సీట్లో అక్కయ్య తల నా ఒడిలో ఉంది. దారిపొడవునా నాకు ఒక్క స్తోత్రం కూడా గుర్తురాలేదు. దేవుడా, దేవుడా అనుకోవడమే.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. నడవాలో ట్రాలీల మీద మనుషులు. కౌంటరు దగ్గర మరిది ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు. డబ్బు తను కడతానని, ప్రైవేటుకు పంపే వీలుందా అని అడుగుతున్నాడని తర్వాత తెలిసింది. కౌంటరు వెనకున్న పెద్దావిడ కళ్లజోడు పైనుంచి చూసి, ఈ తలుపు లోపల అందరూ ఒకటే నాయనా, కూర్చో అంది. విసుగు లేకుండానే అంది. ఒక నర్సు వచ్చి అక్కయ్య జ్వరం చూసి, పొట్ట తాకి చూసి, సూది మందు ఇచ్చి, డాక్టరు చూసేదాకా ఎదురుచూడమంది. కాసేపటికి నొప్పి కొంచెం లొంగింది.

అక్కడి కుర్చీలు కురచవి. కూర్చుంటే లేవలేనని మావారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. బరువంతా ఎడమకాలి మీదే. ఆయన ఎవరికంటే ముందు ఎవరు లోపలికి వెళ్తున్నారో చూడటం లేదు. అక్కయ్య మంచినీళ్లు తాగుతుందా లేదా అని చూస్తున్నారు.

అక్కయ్య కళ్లు తెరిచి మరిదిని వెతికింది. "ఏం బాబూ, ఇప్పుడు చెప్పు. లైను ఒకటైతే ఏమవుద్దన్నావు?"

"అక్కయ్యా, ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? ఎటూ కదలకుండా నువ్వు నాకు మళ్లీ ఎప్పుడు దొరుకుతావు?"

మరిది తల దించుకుని నవ్వాడు. వెంటనే ఆ నవ్వు పోయింది. "ఇంతమందిని చూడండక్కయ్యా. ఇదే లైను. ఇందులోకి ఇంకా జనాన్ని తెస్తే ఏమవుద్ది? నేను అదే గదా భయపడేది."

"నేను భయపడేదీ అదే," అంది అక్కయ్య. "కాకపోతే నేను లోపలుండి భయపడతన్నా."

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. బడికి వెళ్లి ఉంటే ఇలాంటప్పుడు ఏం చెప్పాలో తెలిసేదేమో. కిటికీ బయట ఇంకా వెలుతురుంది. సాయంత్రం అయినా పొద్దు వాలని కాలం అది. మావారు కాలు మార్చుకోబోయి, మార్చుకోలేక గోడను అరచేత్తో పట్టుకున్నారు. ఆయన వంక చూసి, ఆ తర్వాత అక్కయ్య వంక చూశాను. అప్పుడు లోపలినుంచి అక్కయ్యను పిలిచారు.

గాల్‌బ్లాడర్‌కు వాపు వచ్చిందని, ఇంక ఆగడానికి లేదని ఆసుపత్రిలోనే ఉంచుకుని ఆపరేషన్ చేశారు. అంతకాలం పిలవని ఆసుపత్రి, ప్రాణం మీదికొచ్చాక పిలిచింది. అక్కయ్య బతికినందుకు, సూది గుచ్చిన నర్సుకు, కోసిన చేతికి, పడుకోబెట్టిన ట్రాలీకి, అన్నిటికీ పేరుపేరునా స్తోత్రాలు చెప్పాను. అవి దాక్కోవడానికి చెప్పినవి కావు.

ఆవిడ కోలుకుని మళ్లీ శనివారం ప్రార్థనకు వచ్చేసరికి ఆకులు రంగు మారుతున్నాయి. చట్టం మీద ఓటింగ్ వాయిదా పడింది. ఎప్పటికో ఎవరూ చెప్పడం లేదు. చలికాలం లోపే జరగవచ్చని రేడియోలో ఒకరు, జరగదని మరొకరు. మావారికి కేర్ హోమ్‌లో లేపే పని తప్పించి, వడ్డించే పని ఇచ్చారు. అది ఎన్నాళ్లు ఇస్తారో తెలియదు. మరిది అభిప్రాయం మారలేదు. అక్కయ్యదీ మారలేదు. కానీ మరిది ఆవిడ కోసం నూనె లేని వంటకాలు వెతికి వెతికి వండుకొచ్చాడు. ఆవిడ రుచి చూసి, "బాబూ, నా గాల్‌బ్లాడర్ తీసేశారు. నాలుక తియ్యలేదు" అంది.

అందరం పాత కుర్చీల్లోనే కూర్చున్నాం. మావారు ఆ రోజు తన మనవి మార్చుకోబోయారు. "నాదేం లేదు అక్కయ్యా. అంతా గ్రాండ్" అన్నారు.

"గ్రాండ్ లేదు, గీండ్ లేదు," అంది అక్కయ్య. "నీది నా దగ్గర సగంలో ఆగిపోయింది. అది కానియ్యి ముందు. చెల్లీ, ఇయ్యాల నేను మొదలుపెడతా."

చేతులు పట్టుకున్నాం. కళ్లు మూసుకున్నాం. ఏ ముందుమాటా లేకుండా, ఆ రోజు ఆగిన మాట దగ్గరే ఆవిడ అందుకుంది.

"...ఈ చట్టాన్ని ఉండనియ్యి తండ్రీ. ఈయన అడిగినట్టే అడుగుతన్నా. ఉండనియ్యి."

ఇంతకాలంగా తనను నూనె లేని తిండి మీద, నొప్పి మీద నిలబెట్టిన చట్టం కోసం ఆవిడ అడిగింది. దానికి ఒక షరతూ కలపలేదు. ఆయన కాలు బాగయ్యేదాకా అని కూడా అనలేదు. మావారు ఆమెన్ అనలేకపోయారు. ఆయన బదులు మరిది అన్నాడు.

తర్వాత అక్కయ్య నా చెయ్యి ఊపింది. "నాది మారలా చెల్లీ. ఆపరేషన్ అయిందని నా మనవి పోలేదు. నా వెనక నిలబడినోళ్లు ఇంకా అక్కడే ఉన్నారు."

నా వంతు వచ్చింది. కెటిల్ గుర్తొచ్చింది, బస్సు గుర్తొచ్చింది. పక్కింటి ముసలాయన కూడా గుర్తొచ్చాడు. వాటిని తర్వాతకు అట్టిపెట్టాను. ఈ చలికాలం దాటాక అని ఒక్క మాట కలపాలని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కయ్య కలపలేదు కదా అని దాన్ని మింగేశాను.

"ప్రభువా, ఆ చట్టం పోనివ్వు. కొత్తది రానివ్వు" అన్నాను.

"ఆమెన్" అన్నారు మావారు.

కళ్లు తెరిచాక మరిది మా ముఖాలు మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడు దేవుడు ఎవరి మాట వినాలంట వదినా?"

"అది ఆయన పని. నువ్వు లేచి కెటిల్ పెట్టు" అన్నారు మావారు. అని, తను కూడా లేవబోయారు. అలవాటుగా చెయ్యి అలమర అంచు కోసం వెళ్లింది. ఈలోపు అక్కయ్య తన భుజం అక్కడ పెట్టింది. కుట్లు మానిన పొట్టను ఒక చేత్తో అదుముకుని, "పట్టుకో తమ్ముడూ. మెల్లిగా" అంది.